బెత్తెడు మేస్త్రీ, ఏడున్నర అడుగుల బల్ల

ఇళ్ళు మార్చే కంపెనీ రిజిస్టరులో మేస్త్రీకి తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి రాసి ఉంది. ఆ పేరుతో ఎవరైనా పిలిస్తే, వెనకాల ఎవరో వస్తున్నారనుకుని అతనే పక్కకి జరిగి దారి ఇస్తాడు. పనివాళ్ళకీ, లారీ డ్రైవర్లకీ, ఇళ్ళు మారేవాళ్ళకీ అతను బెత్తెడు మేస్త్రీ. గుమ్మం ముందు నిలబడతాడు. బీరువాని ఒక చూపు, గుమ్మాన్ని ఒక చూపు చూస్తాడు. నాలుగు వేళ్ళు దగ్గరపెట్టి గాలిలోకి ఎత్తుతాడు. "బెత్తెడు ఖాళీ ఉంది, పట్టండి" అంటాడు. పట్టినవాళ్ళు పట్టినట్టే నడిచి బయటికొస్తారు. మధ్యలో సరిగ్గా నాలుగు వేళ్ళ సందే ఉంటుంది.

ఇరవయ్యారేళ్ళుగా ఆ మాట తప్పలేదు. తప్పని మాట చుట్టూ కథలు వాటంతటవే మొలుస్తాయి. ఒక ఇంట్లో "వెంట్రుకవాసి తక్కువైంది, వెళ్ళదు" అన్నాడట. ఇంటాయన పంతం కొద్దీ పదిమందిని పెట్టి తోయించాడు. బీరువా ముందుకి రాలేదు, వెనక్కి పోలేదు. తోసిన తోపుకి బీరువా రంగు గుమ్మానికీ, గుమ్మం రంగు బీరువాకీ మారిపోయాయి. సాయంత్రం ఇంటావిడ కూరగాయలకి వెళ్దామని బీరువా తలుపు తీసుకుని చీరల్లోకి నడిచిందట. ఇంకోసారి ఒక పిల్లిని బుట్టలో పెట్టి లారీ ఎక్కించారు. రెండు రోజుల ప్రయాణం. దించేసరికి నాలుగు పిల్లులయ్యాయి. లిస్టులో రాసింది ఒకటే కాబట్టి మిగతా మూడింటికి సంతకం పెట్టనని మేస్త్రీ, లారీలో పుట్టిన పిల్లలు కంపెనీవి కాబట్టి తీసుకుపొమ్మని ఇంటాయనా గంటసేపు వాదించుకున్నారట. ఈ కథల్లో సగం మేస్త్రీ చెప్పినవే. మిగతా సగం ఎవరో చెబుతుంటే అతను విని, కాదనకుండా ఊరుకున్నవి.

చదువు ఐదో తరగతిలోనే అతన్ని పోగొట్టుకుంది. లెక్కల మాస్టారు బల్ల పొడవు కొలవమని స్కేలు చేతికిస్తే, కొలవకుండానే నాలుగడుగుల రెండంగుళాలు అన్నాడు. జవాబు సరైందే. కొలవకుండా చెప్పినందుకు తన్నులు పడ్డాయి. సరైన జవాబుకి తన్నులు పెట్టే చోట తనకేం పని అని మర్నాటి నుంచి వెళ్ళలేదు. అప్పటినుంచీ కొలత టేపంటే పగ. తన బ్యాచిలో ఎవరి జేబులోనైనా టేపు కనబడితే, "కళ్ళున్నవాడికి గుడ్డివాడి కర్ర ఎందుకురా" అని లాక్కుని లారీ సీటు కిందికి విసిరేసేవాడు. పోను పోను ఆ బ్యాచిలో టేపు పెట్టుకోవడమంటే పరాయివాళ్ళ జట్టులో చేరినంత తలవంపైపోయింది.

అసలు సంగతి వేరే ఉంది. ఏడాదిగా మేస్త్రీ ఎడమకంటికి సరిగా ఆనడంలేదు. మొదట లాంతరు గాజుకి మసి పట్టినట్టుండేది. తర్వాత ఆ మసి మీద ఎవరో పాలు ఒలకబోసినట్టయింది. మంచి కన్నుని ముందుకి తేవడానికి తల ఎడమకి వాల్చి చూడటం అలవాటైంది. పనివాళ్ళు అది కొత్త దర్జా అనుకున్నారు. పొడుగువాడని పిలిచే కూలీ ఒకడు, మేస్త్రీలాగే తల వాల్చి నడవడం మొదలుపెట్టి రెండుసార్లు కరెంటు స్తంభాన్ని గుద్దుకున్నాడు. మేస్త్రీ ఎవరికీ చెప్పలేదు. పెళ్ళానికి చెబితే పక్కనే ఉండే ఆమె తమ్ముడికి తెలుస్తుంది. ఆ తమ్ముడు ఇతని బ్యాచిలోనే పనిచేస్తాడు. బామ్మర్ది నోట్లో పడ్డ మాట మైకులో పడ్డట్టే. కన్ను పోయిందని తెలిస్తే గుమ్మం ముందు నిలబెట్టి అడిగేదెవరు. బెత్తెడు అనే మాట తీసేస్తే తన దగ్గర మిగిలేది రిజిస్టరులో రాసిన పేరు ఒక్కటే. అయినా పని సాగిపోతూనే ఉంది. ఎలా సాగుతోందో ఆగి ఆలోచించే ధైర్యం చెయ్యలేదు.

అలాంటి రోజుల్లో కుట్టుపనామె కంపెనీకి ఫోను చేసింది.

ఆవిడకి యాభై దాటుంటాయి. మెడలో ఎప్పుడూ కొలత టేపు వేలాడుతుంటుంది. అద్దె ఇల్లు అమ్ముడుపోయింది, నెలాఖరుకి ఖాళీ చెయ్యాలి. సామాను చూడ్డానికి మేస్త్రీ వెళ్ళాడు. మంచం, బీరువా, రెండు కుట్టుమిషన్లు, గుడ్డల మూటలు. వాటిని నిమిషంలో తేల్చేశాడు. ముందుగదిలో మాత్రం ఒక బల్ల ఉంది. ఏడున్నర అడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. కింద సొరుగుల చట్రం, జానెడు మందం. వడ్రంగి పనిచేసిన వాళ్ళ నాన్న, కూతురు గుడ్డలు కత్తిరించుకోవడానికని చేసిచ్చాడు. ఒక్క మేకు లేదు, అంతా చెక్కలో చెక్క దూర్చి బిగించిన కుసులూ బెజ్జాలూ. కాళ్ళు ఊడదీయొచ్చు. పైభాగాన్ని విప్పాలంటే రంపమే గతి.

"నాకు ఇల్లు ఎలా ఉన్నా పర్లేదు మేస్త్రీ గారూ, ఈ బల్ల పట్టాలి. దీని మీదే నా అన్నం," అందావిడ. "మూడు ఇళ్ళు చూసి పెట్టుకున్నాను. పైఇల్లు బావుంది, కిటికీ పెద్దది, వెలుతురు సూదిబెజ్జంలోకి వచ్చి పడుతుంది. మెట్ల మలుపు చూస్తేనే భయం. మీరొచ్చి చూసి చెబితే దానికే అడ్వాన్సు ఇస్తాను."

మేస్త్రీ వెళ్ళి చూశాడు. తొమ్మిది మెట్లు, ఒక మలుపు, మలుపు మీద తలకి తగిలేంత కిందికి ఒక దూలం. తల వాల్చాడు. నాలుగు వేళ్ళు ఎత్తాడు.

"బెత్తెడు ఖాళీ ఉందమ్మా. వెళ్తుంది."

"టేపు ఇవ్వనా?"

"మీ దగ్గరికొచ్చినవాళ్ళకి మీరు కొలత తియ్యండి. మెట్లకి నేను తీస్తాను."

ఆవిడ నవ్వింది. ఆ ఇంటికే మాట ఇచ్చేసింది.

ఇల్లు మారే రోజు పొద్దున్నే బ్యాచి దిగింది. ఈ కంపెనీవాళ్ళు సర్దడం మొదలుపెడితే ఆపడం కష్టం. చెత్తబుట్టని చెత్తతో సహా, చెత్తకి దెబ్బ తగలకుండా బుడగల కవరు చుట్టి మరీ ఎక్కిస్తారు. ఆవిడ తాగుతున్న టీ గ్లాసు కింద పెట్టి ఫోను మాట్లాడి వచ్చేసరికి అది పద్నాలుగో నంబరు అట్టపెట్టెలో ఉంది. బల్ల కాళ్ళు ఊడదీశారు. పైభాగాన్ని బొంతల్లో చుట్టి, నిలువుగా పట్టి, వీధిలోకి తెచ్చారు. పాత ఇంటికి వాకిలంత తలుపు కాబట్టి పెళ్ళికూతురిలా నడిచొచ్చింది.

కొత్త ఇంటి దగ్గర సామానంతా పైకి పోయాక చివర్లో బల్ల ఎత్తారు. ముందు పొడుగువాడు, వెనక బామ్మర్ది, మలుపులో మేస్త్రీ. తొమ్మిది మెట్లు హాయిగా ఎక్కింది. మలుపులో తిప్పబోతే పైమూల దూలానికి తగిలింది.

"కిందికి దించి మళ్ళీ తిప్పండి," అన్నాడు మేస్త్రీ.

మళ్ళీ తిప్పారు. ఈసారి కిందిమూల గోడకి తగిలి సున్నం రాలింది. మూడోసారి బల్లని కొంచెం వాల్చి చూశారు. బొంత చిరిగింది తప్ప బల్ల కదల్లేదు.

"బావా, ఇది ఎక్కడో పట్టేస్తోంది," అన్నాడు బామ్మర్ది కింది నుంచి. "నాకేం కనబడ్డంలేదు, నువ్వు చూడు."

మేస్త్రీ చూశాడు. దూలానికీ బల్లకీ మధ్య సందు ఉన్నట్టే ఉంది. చెయ్యి పెట్టాడు. వేళ్ళు దూరలేదు. కళ్ళు ఉందన్న చోట చేతికి చెక్క తగిలింది. మంచి కన్ను మూసి చూశాడు. దూలం, గోడ, బల్ల అంచు, పొడుగువాడి మొహం అన్నీ ఒకే తెల్లటి గుడ్డ మీద మరకల్లా కనబడ్డాయి.

"కింద పెట్టండి. అయిదు నిమిషాలు ఆగండి," అని వెళ్ళి లారీ వెనక దించిన తలుపు మీద కూర్చున్నాడు.

ఏడాదిగా ఎలా నెట్టుకొచ్చాడో అప్పుడు ఆగి ఆలోచించాడు, ఆలోచించక తప్పలేదు కాబట్టి. ఆ ఏడాదిలో ఎనభై ఇళ్ళు చూసుంటాడు. బీరువాలన్నీ నాలుగైదు ఫ్యాక్టరీలవే. ఫ్రిజ్‌లు కొట్లో అమ్మే మూడు సైజులే. మంచాలు రెండు రకాలు. వాటిని ఇరవై అయిదేళ్ళు మోసిన భుజానికి వాటి కొలతలు కంఠతా వచ్చు. గుమ్మాలూ అంతే, ఒకే కాలంలో కట్టిన ఇళ్ళకి ఒకే గుమ్మం. చూస్తున్నానని అనుకుంటూ అన్నాళ్ళూ అతను గుర్తుతెచ్చుకుంటున్నాడు. ఈ బల్ల ఏ కొట్లోనూ అమ్మింది కాదు. ఒక తండ్రి ఒక కూతురి చేతుల పొడవు చూసి చేసింది. దీన్ని నిజంగా చూడాల్సొచ్చింది. చూడ్డానికి కన్ను లేదు.

బామ్మర్ది వచ్చి పక్కన కూర్చున్నాడు. గొంతు తగ్గించాడు. వాడి జీవితంలో అదే మొదటిసారి.

"బావా, మెట్ల మీద కొత్త బండలు చూశావా? నువ్వు చూసి వెళ్ళాక వేశారందాం. బండ మందం ఇంచు, సిమెంటు ఇంచు. రెండు వేళ్ళు ఎత్తు పెరిగింది, అందుకే పట్టడంలేదు. ఇంటి ఓనరు ఊళ్ళో లేడు. అడిగే దిక్కు లేదు."

"బండలు పాతవేరా."

"ఆవిడకేం తెలుసు. నీ మాట నిలబడుతుంది, మన బ్యాచి పరువు నిలబడుతుంది. బల్లని మధ్యకి కోసి పైకెక్కించి, మళ్ళీ బిగించేద్దాం. తప్పు ఇల్లుగలాయనది."

మేస్త్రీ లేచి మెట్ల దగ్గరికి నడిచాడు. బండల అబద్ధం నున్నగా, కొలత కుదిరినట్టు, నాలుక చివర కూర్చుని ఉంది. ఇన్ని పిల్లుల కథలు చెప్పిన నోటికి రెండు అంగుళాల బండ ఒక లెక్కా.

ఆవిడ మొదటి మెట్టు మీద నిలబడి ఉంది. రాలిన సున్నాన్ని చీపురుతో ఒక మూలకి తోస్తోంది.

"కంగారు పడకండి మేస్త్రీ గారూ," అందావిడ. "మీరు వెళ్తుందన్నారు కదా, వెళ్తుంది. సాయంత్రం దాకా తిప్పండి, నాకేం తొందర లేదు."

నాలుక మీద కూర్చున్నది ఆ మాటకి లేచిపోయింది.

"వెళ్ళదమ్మా."

"ఇంకో రకంగా తిప్పితే?"

"ఎన్ని రకాలుగా తిప్పినా వెళ్ళదు. బెత్తెడు ఎక్కువుందన్నాను. రెండు వేళ్ళు తక్కువుంది. మెట్లు అప్పుడెలా ఉన్నాయో ఇప్పుడూ అలాగే ఉన్నాయి. నా కన్ను తప్పింది."

వెనకాల బామ్మర్ది దగ్గాడు. పొడుగువాడు వాల్చిన తలని నిటారుగా పెట్టాడు.

ఆవిడ చీపురు గోడకి ఆనించింది. మలుపులో దూలం కేసి చూసింది.

"నేను చూసిన మూడిట్లో రెండోది కింది ఇల్లు," అంది. "ఏనుగు పట్టే తలుపు. చీకటిగా ఉంటుంది, అయినా బల్ల పట్టేది. మీరు చెప్పారని వదిలేశాను. మొన్న అందులో ఎవరో దిగిపోయారు."

మేస్త్రీ తల దించుకున్నాడు.

"ఏ కన్ను?" అందావిడ.

"ఏంటమ్మా?"

"తప్పిన కన్ను ఏదని. రెండూ ఒకేసారి తప్పవు కదా." మేస్త్రీ వేలు ఎడమకంటి మీదికి వెళ్ళడం చూసి, చేతిసంచిలోంచి రెండు దారపుకండెలు తీసింది. "కుడికన్ను మూసుకోండి. ఇవేం రంగులు?"

"నలుపు," అన్నాడు మేస్త్రీ. "రెండోదీ నలుపే."

"ఒకటి నీలం. మేం కుట్టుపనివాళ్ళం మొదట పోగొట్టుకునేది ఈ నీలాన్నే. నాకు రెండేళ్ళ కిందట పోయింది, పొర తీయించుకుంటే తిరిగొచ్చింది. ఎన్నాళ్ళ నుంచి దాస్తున్నారు?"

"ఏడాది."

"బావా," అన్నాడు బామ్మర్ది. వాడి గొంతులో కోపమో జాలో తెలియలేదు. "ఏడాదా? మొన్న ఆ అద్దాల బీరువా కింద నా కాళ్ళున్నాయి."

"ఆ బీరువా నాకు కంఠతా వచ్చురా."

"నా కాళ్ళు కూడా కంఠతా వచ్చా?"

మేస్త్రీకి ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. అంతదాకా తన పరువు లెక్కే చూసుకున్నాడు గానీ, ఆ మాటని నమ్మి బరువు కింద నిలబడేవాళ్ళ లెక్క చూసుకోలేదు.

తల ఎత్తాడు. "అమ్మా, కోయించొద్దు. కిటికీలోంచి ఎక్కిద్దాం. చువ్వల చట్రం మరలతో బిగించి ఉంది, విప్పొచ్చు. డాబా మీంచి తాళ్ళు వేసి లాగుతాం. నిలువుగా పట్టదు, అడ్డంగానూ పట్టదు. ఏటవాలుగా పెడితే పడుతుంది."

"మీ మాట చాలు మేస్త్రీ గారూ, ఒకసారి విన్నాను," అంది ఆవిడ నెమ్మదిగానే. "ఈసారి నాకు కాగితం చూపించండి."

"కాగితమా?"

"జాకెట్టు కుట్టేముందు నేను గుడ్డ మీద కత్తెర పెడతానా? కాగితం కత్తిరించి ఒంటిమీద పెట్టి చూస్తాను. బల్లకీ అంతే."

మెడలోంచి టేపు తీసి బల్ల పక్కభాగం కొలిచింది. నలభై ఎనిమిది అంగుళాలు, ఎనిమిది అంగుళాలు. ప్లేట్లకి చుట్టగా మిగిలిన పాత పేపర్లు పరిచి, జిగురు టేపుతో అతికించి, ఆ కొలతకి ఒక పట్టీ కత్తిరించింది. అందరూ పైకి వెళ్ళారు. పొడుగువాడు చువ్వల చట్రం విప్పి కిటికీ ఖాళీ చేశాడు. ఆవిడ పట్టీని నిలువుగా పెట్టింది. పైన మడత పడింది. అడ్డంగా పెట్టింది. పక్కన మడత పడింది.

"ఎడమ చెయ్యి కిందికి దించండి," అన్నాడు మేస్త్రీ. అతను కిటికీకేసి చూడటంలేదు. కళ్ళు రెండూ మూసుకుని, గాలిలో చేతులతో బల్లని పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. "ఇంకా. సగం కంటే కొంచెం ఎక్కువ నిలబెట్టండి. అక్కడ ఆగండి."

పట్టీ నాలుగు మూలలూ గోడకి తగలకుండా నిలిచింది. చుట్టూ వేలెడు సందు. బామ్మర్ది ఆ సందులో వేలు పెట్టి నాలుగువైపులా తిప్పి చూసి, తాళ్ళు తేవడానికి వెళ్ళాడు.

బల్ల ఎలా ఎక్కిందన్న దానికి ఇప్పుడు ఆ వీధిలో ఏడెనిమిది కథలున్నాయి. ఒక కథలో బల్ల గాలిలో ఉండగా ఒక కాకి వచ్చి వాలి, కిటికీ దాకా ప్రయాణం చేసి, దిగి వెళ్ళిపోయింది. జరిగింది ఇంతే. డాబా మీద నలుగురు తాళ్ళు పట్టారు, కింద వీధిలో బామ్మర్ది ఇంకో తాడుతో బల్ల గోడకి కొట్టుకోకుండా ఆపాడు, కిటికీలో ఆవిడ కాగితం పట్టీ పట్టుకుని నిలబడింది. మేస్త్రీ గది మధ్యలో నిలబడి, ఆవిడ "ఎడమకి ఇంచు" అంటే "ఎడమకి ఇంచు" అని డాబా మీదికి అరిచాడు. ఇరవయ్యారేళ్ళలో మొదటిసారి వేరేవాళ్ళ కొలతని తన గొంతుతో చెప్పాడు. బల్ల ఏటవాలుగా లోపలికొచ్చి, కాళ్ళు తొడుక్కుని, కిటికీ వెలుతురులో నిలబడింది. ఒక మూల చెక్క గీసుకుపోయింది. ఆవిడ దాన్ని బొటనవేలితో రాసి చూసి, "ఇది మీ గుర్తు, ఉండనివ్వండి," అంది. అది మన్నించడమో దెప్పడమో మేస్త్రీకి ఇప్పటికీ తేలలేదు.

అక్కడినుంచే కంపెనీ ఓనరుకి ఫోను చేశాడు. ఈ ఓనరు పాత ఓనరు కొడుకు. చిన్నప్పుడు మేస్త్రీ భుజాల మీద ఎక్కి అట్టపెట్టెలు లెక్కపెట్టినవాడు, ఇప్పటికీ బాబాయ్ అనే పిలుస్తాడు. జరిగిందంతా విని అడిగాడు.

"ఏడాదిలో ఎన్ని ఇళ్ళు చూశావు బాబాయ్?"

"ఎనభై దాకా."

"ఎన్ని తప్పాయి?"

"ఇదొక్కటే."

"అదే నాకు భయమేస్తోంది," అన్నాడు ఓనరు. "పది తప్పుంటే పదోదానికి ముందే పట్టుకునేవాళ్ళం. రేపటినుంచి సామాను చూడ్డానికి నువ్వు వెళ్ళొద్దు. ముందు డాక్టరు దగ్గరికెళ్ళు. తర్వాత సంగతి తర్వాత."

ఇంటికెళ్ళేసరికి వార్త అతనికంటే ముందే చేరిపోయింది. బామ్మర్ది వాళ్ళక్క పక్కన కూర్చుని, ఏమీ తెలియనివాడిలా గోడకేసి చూస్తున్నాడు.

"నాకు ఆరునెలల నుంచి తెలుసు," అంది మేస్త్రీ పెళ్ళాం. "పాతికేళ్ళు మీ తల నిటారుగా చూసినదాన్ని. ఎడమవైపు నించుని నవ్వితే మీకు తెలిసేది కాదు. నాలుగుసార్లు నవ్వి చూశాను."

"మరి అడగలేదే?"

"చెబుతారేమోనని చూశాను."

మేస్త్రీ మంచి కన్ను ఆమెకేసి తిప్పి కూర్చున్నాడు.

కంటి పొర తీయించుకున్నాడు. నెలన్నర తర్వాత నల్లకళ్ళద్దాలతో పనిలోకి వచ్చాడు. ఇప్పుడు సామాను చూడ్డానికి వెళ్ళేది బామ్మర్ది. మేస్త్రీ మిగతావాళ్ళతో కలిసి కూర్చుని పింగాణీ సామాను సర్దుతాడు. ఓనరు పాత పని తిరిగి ఇస్తాననలేదు, ఇతను అడగలేదు.

మొన్న ఒక మేడింట్లో, గోడంత పుస్తకాల అలమర ముందు బామ్మర్ది నిలబడ్డాడు. చేతిలో టేపు ఉంది. అలమరని చూశాడు, గుమ్మాన్ని చూశాడు, టేపు సగం లాగి ఆగిపోయాడు. మెల్లిగా మెడ తిప్పి, నేలమీద కూర్చుని ప్లేట్ల మధ్య కాగితాలు పెడుతున్న బావ మొహంలోకి చూశాడు.

మేస్త్రీకి అలమర చక్కగా కనబడుతోంది. దాని మీద రంగు పెచ్చు లేచిన చోటు కూడా కనబడుతోంది. జవాబు నోట్లోనే ఉంది.

"నన్ను చూస్తావేంట్రా," అన్నాడు. "గుమ్మాన్ని చూడు."

బామ్మర్ది టేపు పూర్తిగా లాగాడు. మేస్త్రీ చేతిలో ప్లేటు పట్టుకుని, వాడు ఏమంటాడో వినడానికి ఆగాడు.